గూడులేని గానపాఠశాల – గానయోగి పంచాక్షరి గవాయి

శ్రీ గురుబసవలింగాయ నమః

వీరశైవ చరిత్రమును తెరచి చూచినచో ఇల్లు విడచి నడచినవారి అడుగుజాడలే అందు అడుగడుగునను గోచరించును. బాగెవాడి గృహమును వదలి కూడలసంగమమును చేరిన బసవేశ్వరుడు, ఉడుతడి నుండి కల్యాణమునకును, కల్యాణము నుండి శ్రీశైల కదళీవనమునకును ఏకాకినిగా నడచిన అక్కమహాదేవి, కల్యాణ విప్లవానంతరము ఉళవి అరణ్యములకు తరలిన చెన్నబసవేశ్వరాది శరణులు, వీరందరును ఒక్కొక్క కాలమున నిలువనీడ లేనివారే. జంగమమను పదమునకే కదలునది యని అర్థము. కనుక ఇల్లు లేకుండుట మన ధర్మమున అవమానము కాదు.

అయితే ఇల్లు విడచుట వేరు, ఇల్లు లేకపోవుట వేరు. మొదటిది వైరాగ్యము, రెండవది దైన్యము. శరణులు తమంత తాముగా గడప దాటిరి. కాని కన్నవారిని పోగొట్టుకొని, కన్నులను పోగొట్టుకొని, సంతలయందును గుడిమెట్లపైనను చేయిచాచి బ్రతుకు బాలునకు ఆ స్వేచ్ఛ ఎక్కడిది? అట్టి బాలుర దైన్యమును తన చేతిలోనికి తీసికొని, దానినే జంగమత్వముగా మార్చిన మహనీయుడొకడు గత శతాబ్దమున కన్నడ సీమలో వెలసెను. ఆయన స్వయముగా పుట్టంధుడు. తనకంటూ ఒక ఇల్లు లేనివాడు. ఆయనయే గదగు వీరేశ్వర పుణ్యాశ్రమ స్థాపకులు, గానయోగి పంచాక్షరి గవాయిగారు.

జననము – బాల్యము

1892వ సంవత్సరమున, నేటి కర్ణాటక రాష్ట్రమున హావేరి జిల్లాకు చెందిన హానగల్లు తాలూకాలోని కాడశెట్టిహళ్ళి యను చిన్న పల్లెలో, జంగమ కుటుంబమున గవాయిగారు జన్మించిరి. నాడు ఆ ప్రాంతము బొంబాయి రాజధానిలోని ధారవాడ జిల్లాలో నుండెను. తండ్రి గురుపాదయ్య, తల్లి నీలమ్మ. బిడ్డకు గడిగెయ్య యని పేరిడిరి. ఆ బిడ్డకు పుట్టుకతోనే చూపు లేదు. అన్న గురుబసవయ్యయు అంధుడే. ఒకే ఇంట ఇద్దరు కుమారులు చూపులేనివారగుట ఆ తల్లిదండ్రులకు ఎంతటి వేదన కలిగించి యుండునో ఊహింపవచ్చును.

అవి సుఖమయములైన దినములు కావు. 1896-97లోను, తిరిగి 1899-1900లోను దక్కను ప్రాంతమున ఘోరమైన క్షామములు సంభవించెను. ఆ క్షామముల నడుమనే ప్లేగు వ్యాధి బొంబాయి రాజధాని యంతట వ్యాపించి, హుబ్బళ్ళి ధారవాడ ప్రాంతములను కూడ పట్టి పీడించెను. ఊళ్ళు ఖాళీచేసి జనులు పొలములలో పాకలు వేసికొని కాలము గడపిన రోజులవి. మశూచికము సోకి బ్రతికి బయటపడిన పిల్లలలో ఎందరో చూపును పోగొట్టుకొనుచుండిరి. తిండి చాలకయు, వైద్యము లేకయు కన్నులు పోయినవారు మరికొందరు. క్షామములును, వ్యాధులును ఒక్కమారు వచ్చి పడినప్పుడు అనాథలగు పిల్లలు ఎందరుందురో లెక్క కట్టువారు లేరు.

చూపులేని పిల్లలకు చదువు చెప్పవచ్చునను తలంపే నాడు మన దేశమునకు క్రొత్తది. 1887లో అమృతసరస్సునందు అంధులకొక పాఠశాల ఏర్పడెను. మైసూరులో 1901లో అంధ బధిర బాలుర పాఠశాల వెలసెను. వ్రేలితో తడవి చదువు బ్రెయిలీ లిపి భారతీయ భాషలన్నింటికిని ఒక్క తీరున కుదిరినది 1951లో మాత్రమే. గడిగెయ్య పుట్టిన పల్లెలో ఇవేవియు లేవు. పల్లెటూరి అంధబాలునకు నాడున్న దారులు రెండే. ఇంటివారు పోషింపగలిగినంత కాలము ఒక మూల కూర్చుండుట, ఆపైన వీధిని పడి యాచించుట.

గురు దర్శనము

ఆ రెండు దారులును కాక మూడవ దారి చూపినవారు హానగల్లు శ్రీ కుమారస్వాములవారు. వీరు 1867లో జన్మించి 1930లో లింగైక్యులైరి. 1904లో అఖిల భారత వీరశైవ మహాసభను స్థాపించుటలోను, 1909లో బాదామి సమీపమున మలప్రభా నదీతీరమున శివయోగమందిరమును నెలకొల్పుటలోను ముఖ్యులు వీరే. మఠములకు సమర్థులైన స్వాములను తయారుచేయుట, తాళపత్ర గ్రంథములను సేకరించుట, గోశాలను నడపుట, శాస్త్రోక్తముగా విభూతిని సిద్ధపరచుట మున్నగునవి ఆ మందిరమున సాగిన కార్యములు. మఠమనగా నలుగురు పూజలు చేసికొను చోటు మాత్రమే కాదనియు, సమాజమున వెనుకబడినవారందరికిని అది ఆధారము కావలెననియు స్వాములవారి నిశ్చితాభిప్రాయము.

కాడశెట్టిహళ్ళి అంధబాలుర గొంతులోని మాధుర్యము స్వాములవారి దృష్టికి వచ్చెను. చూచినవారందరు ఆ పిల్లలలో లేని కన్నులనే చూచిరి. స్వాములవారు మాత్రము వారిలోనున్న కంఠమును చూచిరి. అన్నదమ్ములను తమ ఆశ్రయమునకు తీసికొని, సంగీతము నేర్పించు ఏర్పాటు గావించిరి. గడిగెయ్య ముందుగా కర్ణాటక సంగీతమును అభ్యసించెను. తరువాత హిందూస్థానీ సంగీతమును మిరజ నీలకంఠబువా వద్ద నేర్చుకొనెను. నీలకంఠబువా గ్వాలియరు సంప్రదాయమునకు చెందిన గొప్ప విద్వాంసులు. అనంతర కాలమున దేశమంతట కీర్తి గడించిన మల్లికార్జున మన్సూరుగారికిని తొలి గురువులలో నొకరు వీరే.

సంగీతమునే ఎన్నుకొనుటలో స్వాములవారి దూరదృష్టి గమనింపదగినది. తక్కిన విద్యలన్నింటికిని పుస్తకము కావలెను. పుస్తకమునకు కన్నులు కావలెను. మన సంగీతము గురుముఖమున విని, శిష్యుడు తిరిగి పలికి, మనస్సున నిలుపుకొను విద్య. హిందూస్థానీ సంప్రదాయమున పండితులు తమ బందిషులను కాగితముపై వ్రాసి యిచ్చెడివారు కారు. కంఠము నుండి చెవికి, చెవి నుండి హృదయమునకు అది దిగవలెను. ఆ దారిలో కన్నులున్నవానికి లేని సౌకర్యము అంధునకు కలదు. అతని మనస్సు చెదరదు. అతని చెవి సూక్ష్మ శ్రుతిభేదములను సయితము పట్టుకొనును. కాబట్టి ఏ విద్యలో అంధుడు ఇతరులతో సమానముగా నిలువగలడో, ఒక్కొక్కప్పుడు వారిని మించగలడో, ఆ విద్యనే స్వాములవారు ఆ బాలుర చేతికిచ్చిరి.

గడిగెయ్య కంఠమునందే గాక తబలా మున్నగు వాద్యములందును నేర్పరియై, ఉత్తర దక్షిణ సంప్రదాయములు రెండింటను నిష్ణాతుడై, పంచాక్షరి గవాయి యను పేర ప్రసిద్ధి కెక్కెను. అట్టి విద్వాంసుడు కోరుకొన్నచో సంస్థానాధీశుల కొలువులు, ధనవంతుల సభలు ఆయనకు దూరము కావు. ఒక గృహము, కొంత ధనము, గౌరవప్రదమైన జీవనము లభించి యుండెడివి. ఆయన ఆ దారిని త్రొక్కలేదు. గురువు తనకు చేసిన ఉపకారమును గురువునకే తిరిగి చెల్లింపజాలమనియు, తనవంటి మరికొందరు బాలురకు చేసినప్పుడే ఆ ఋణము తీరుననియు ఆయన గ్రహించెను. ఆజన్మ బ్రహ్మచర్యమును వహించి, అంధులకును అనాథలకును విద్యాదానము చేయుటకే తన జీవితమును అంకితము గావించెను.

సంచార పాఠశాల

అంధులకు, అనాథలకు పాఠశాల పెట్టవలెనన్న స్థలము కావలెను, కట్టడము కావలెను, నిలకడగల ఆదాయము కావలెను. గవాయిగారికి ఈ మూడింటిలో ఒక్కటియు లేదు. ఇవన్నియు చేకూరిన పిదప పాఠశాల ప్రారంభింతమని కూర్చుండినచో ఆ పాఠశాల ఎన్నటికిని ప్రారంభము కాకపోవును. అందుచే ఆయన కట్టడము లేని పాఠశాలను నడపెను. శిష్యులను, వాద్యములను వెంటబెట్టుకొని ఊరూర తిరుగుచు, ఏ ఊర బస దొరకిన ఆ ఊరనే పాఠములు చెప్పుచు సాగిన ఆ సంచార సంగీత పాఠశాల కన్నడ దేశ చరిత్రమున అపూర్వమైనది.

మఠము యొక్క చావడి, ధర్మసత్రము, గుడి మండపము, భక్తుని ఇంటి అరుగు, ఇవియే ఆ పాఠశాలకు గదులు. తెల్లవారుజామున శ్రుతి పట్టించి స్వరసాధన, పగలు వాద్యాభ్యాసము, సాయంకాలము భజనయు కీర్తనయు. అంధునకు తబలా నేర్పు గురువు చేతికదలికను కంటితో చూపజాలడు. శిష్యుని చేతిని తన చేతిలోనికి తీసికొని, ఏ వ్రేలు ఎక్కడ పడవలెనో తాకించి తెలుపవలెను. గురువు కూడ అంధుడైనచో ఇద్దరి నడుమ స్పర్శయు, శబ్దమును మాత్రమే వారధులు. ఒక్కొక్క బోలును వందలమార్లు పలికించి, వాయింపించి, అది శిష్యుని వ్రేళ్ళలో స్థిరపడు వరకు ఓర్పుతో నిరీక్షింపవలెను. కన్నులున్న గురువునకు దుష్కరమైన ఈ పనిని కన్నులు లేని గవాయిగారు నెలల తరబడి, ఏండ్ల తరబడి చేసిరి.

ఈ పాఠశాలకు జోలెయే ధనాగారము. భక్తులిచ్చు జొన్నలు, బియ్యము, బట్టలు, కాసులు పిల్లలకు ఆహారము కావలెను. వర్షములు కురిసి పంటలు పండిన ఏట పల్లెలవారు సంతోషముతో ఆదరించెదరు. వానలు వెనుదీసిన ఏట తమకే లేనివారు పదిమంది పిల్లలను ఎట్లు పోషింతురు? వర్షాధారమైన ఆ నల్లరేగడి సీమలో అట్టి ఏండ్లు తరచుగా వచ్చుచుండెను. చూపులేని గురువునకు చూపులేని శిష్యుల ఆకలి బాధ్యత. అడుగుపెట్టు ఊరు ఎట్టిదో, అచ్చట ఆ పూట అన్నము దొరకునో లేదో తెలియదు. ఐనను పాఠము ఆగలేదు. అన్నము దొరకని పూట కూడ పాఠము దొరకునను నమ్మకము ఆ బాలురకు కలిగినది. గూడులేనివానికి మొదట పోవునది రేపటిపై నమ్మకము. గవాయిగారు మొదట తిరిగి యిచ్చినది దానినే.

ఈ సంచారములో మరియొక విశేషము కలదు. ఈ పిల్లలు ఊరికి వచ్చినది ఉచితముగా భుజించుటకు కాదు. ఊరికి వారు సంగీతమును తెచ్చిరి. శరణుల వచనములను, శివభక్తి గీతములను పల్లెపల్లెకు మోసికొనిపోయిరి. మఠములయందు శ్రావణమాసమున పురాణ ప్రవచనము జరుగునప్పుడు ప్రవచనకారునకు తోడుగా గాయకుడును, తబలావాద్యకుడును ఉండుట ఆ సీమలోని ఆచారము. ఆ స్థానములయందు గవాయిగారి శిష్యులు కూర్చుండసాగిరి. నిన్నటి వరకు ఆ మఠద్వారమున చేయిచాచి నిలిచిన బాలుడే నేడు లోపల వేదికపై కూర్చుండి పాడుచుండ, ఊరివారు చేతులు జోడించి వినుచుండిరి. భిక్ష స్థానమున కాయకము నిలిచెను. బసవేశ్వరుడు బోధించిన కాయక దాసోహములు రెండును ఆ పాఠశాలలో కలసి నడచెను. పాడుట కాయకము, దానివలన వచ్చినది పదిమందితో పంచుకొనుట దాసోహము. పెద్ద శిష్యులు చిన్నవారికి పాఠము చెప్పిరి. కొంత చూపున్నవారు చూపులేనివారి చేయిపట్టి నడిపించిరి. ఆశ్రయము పొందినవాడే ఆశ్రయమిచ్చువాడయ్యెను.

కుల మత భేదములకు అచ్చట తావు లేదు. అంధుడా, అనాథయా, నేర్చుకొనవలెనను కోరిక కలదా యనునవి మాత్రమే ప్రవేశమునకు అర్హతలు. అనుభవమంటపమున అన్ని వృత్తులవారికిని సమానముగా పీఠము వేసిన ధర్మము ఆ చావడి అరుగులపై అట్లు నిలిచెను.

పుట్టయ్య రాక

ఆ పాఠశాలకు వచ్చి చేరిన బాలురలో పుట్టయ్య ఒకడు. 1914వ సంవత్సరమున హానగల్లు తాలూకా దేవగిరిలో జన్మించిన ఈ బాలుడు శైశవముననే తల్లిదండ్రులను కోల్పోయెను. చూపును కూడ బాల్యముననే పోగొట్టుకొనెను. మేనమామ పెంపకమున నున్న ఈ బిడ్డ గవాయిగారి చెంతకు చేరెను. గవాయిగారు పుట్టయ్యలో తన బాల్యమునే గుర్తించిరి కాబోలు, గాత్రము, హార్మోనియము, తబలా మున్నగునవి నేర్పి, ఉభయ సంప్రదాయములందును ఆరితేరిన విద్వాంసునిగా తీర్చిదిద్దిరి. ఆ పుట్టయ్యయే పిమ్మట పండిత పుట్టరాజ గవాయిగా ప్రసిద్ధుడయ్యెను.

1930లో కుమారస్వాములవారు లింగైక్యులగుటతో పాఠశాలకు పెద్దదిక్కు లేకపోయెను. గురుకరుణ యను నీడలో నడచిన సంచార కుటుంబము ఆ నీడను కూడ కోల్పోయినది. ఆ సమయమున పిల్లలను ఎవరి ఊళ్ళకు వారిని పంపివేసినచో గవాయిగారిని తప్పుపట్టువారు లేరు. కాని వారిలో అనేకులకు తిరిగిపోవుటకు ఊరే లేదు. ఆయన ఎవ్వరిని విడువలేదు.

పిల్లల పోషణకై నాటకమండలిని నడపవలసి వచ్చెను. నాటి సమాజమున నాటకములపై చిన్నచూపు మెండు. మఠమర్యాదలో పెరిగిన జంగమ బ్రహ్మచారికి నాటకరంగమును ఆశ్రయించుట సులభమైన నిర్ణయము కాదు. ఐనను పిల్లల ఆకలికన్న పరువు పెద్దది కాదని గవాయిగారు తలంచిరి. భక్తిప్రధానములైన కథలను ఆడించి, పుట్టరాజాది శిష్యుల సంగీతముతో వానికి వన్నె తెచ్చి, వచ్చిన డబ్బును పాఠశాలకు వినియోగించిరి. ఏది ఆడినను, ఏది పాడినను దానివలన శీలము దిగజారరాదను నియమమును మాత్రము ఆయన సడలింపలేదు.

హంపీ వేదికపై

తండ్రిని కోల్పోయి నాటక కంపెనీలలో పాడుచున్న మరియొక బాలుని కూడ గవాయిగారు చేరదీసిరి. ఆతడే ధారవాడ ప్రాంతమునకు చెందిన బసవరాజ రాజగురు. 1917లో జన్మించిన ఈతడు పదుమూడేండ్ల ప్రాయమున గవాయిగారి శిష్యుడయ్యెను. విజయనగర సామ్రాజ్య స్థాపన జరిగి 600 సంవత్సరములు నిండిన సందర్భమున, 1936లో హంపీక్షేత్రమున ఉత్సవములు జరిగెను. ఆ వేదికపై బసవరాజు మొట్టమొదటి కచేరి చేసెను. శిష్యుడు ముందు కూర్చుండి పాడుచుండ, గురువు ప్రక్కన కూర్చుండి తబలా వాయించెను.

ఈ చిన్న సంఘటనలో గవాయిగారి స్వభావమంతయు వెల్లడియగుచున్నది. సంగీతలోకమున ముఖ్యస్థానము గాయకునిది, ప్రక్కస్థానము వాద్యకునిది. తాను గురువై యుండియు ప్రక్కస్థానమును స్వీకరించి, ముఖ్యస్థానమును శిష్యునకు విడచిపెట్టుట సామాన్యులకు సాధ్యము కాదు. నిరాశ్రయుడైన బాలునకు అన్నము పెట్టువారు పలువురు గలరు. తనకన్న ముందు వరుసలో కూర్చుండబెట్టువారు అరుదు. బసవరాజ రాజగురు కిరానా సంప్రదాయమున అగ్రగణ్యుడై, పద్మశ్రీ, పద్మభూషణ పురస్కారములను పొంది 1991లో కీర్తిశేషుడయ్యెను.

గదగున గూడు

సంచారము ఎంత పవిత్రమైనదైనను, చిన్నపిల్లలకు ఎండవానలలో నడక, అనిశ్చితమైన భోజనము, వ్యాధులు నిత్యము ఉండదగినవి కావు. గవాయిగారు నిరాశ్రయత్వమును మహిమగా పొగడుచు కూర్చుండలేదు. దానిని దాటుటకే నడచిరి. గుంతకల్లు నుండి బళ్ళారి, హోస్పేట, కొప్పళముల మీదుగా హుబ్బళ్ళికి పోవు రైలుమార్గమున గదగు పట్టణము కలదు. ప్రత్తి వ్యాపారమునకు పేరుపొందిన ఊరది. ఆ పట్టణమున బసరిగిడద వీరప్ప యను దాత చూపిన ఆదరణతో పాఠశాలకు నిలుకడైన చోటు లభించెను. అదియే వీరేశ్వర పుణ్యాశ్రమము. ఏండ్ల తరబడి ఒకరి అరుగుపై పండుకొని లేచిన బాలురకు మాది యని చెప్పుకొనదగిన పైకప్పు దొరకినది.

ఆ ఆశ్రమ జీవితమును గవాయిగారు దీర్ఘకాలము చూడలేదు. 1944వ సంవత్సరమున, ఏబది రెండేండ్ల వయస్సున, ఆయన లింగైక్యులైరి. విడచిపోయిన ఆస్తి లేదు. విడచిపోయినది పిల్లలను, పాటను, ఆ రెండింటి బాధ్యతను మోయగల శిష్యుని.

ఆ బాధ్యతను పుట్టరాజ గవాయి అరువదియారు సంవత్సరములు మోసెను. 1944 నుండి 2010లో లింగైక్యులగు వరకు ఆయనయే ఆశ్రమమునకు తల్లియు తండ్రియు. కన్నడ, సంస్కృత, హిందీ భాషలయందు గ్రంథములు రచించెను. భక్తులు ఆయనను తులాభారము తూచి సమర్పించిన ధనమంతయు పిల్లల భోజనమునకును, విద్యకును వినియోగమయ్యెను. 2010లో భారత ప్రభుత్వము పద్మభూషణముతో గౌరవించెను. ఒకనాడు తల్లిదండ్రులు లేక, చూపు లేక వచ్చిన బాలుడు వేలమందికి ఆశ్రయదాత యగుట గవాయిగారి విద్యకు ప్రబలమైన నిదర్శనము. చూపున్నవారు సయితము ఆ ఆశ్రమమునకు విద్యార్థులై వచ్చిరి. నేడు హిందూస్థానీ గాయకులలో పేరెన్నికగన్న వెంకటేశకుమార్ అట్టివారిలో నొకరు. తోలుబొమ్మలాడించు పేద కళాకారుని కుమారుడగు ఆయన పుట్టరాజ గవాయి సన్నిధిని పండ్రెండేండ్లు గురుకులవాసము చేసెను. ఆశ్రమము నేటికిని అన్నమును, సంగీతమును ఉచితముగా ఇచ్చుచున్నది. అచ్చట నేర్చిన అంధులు పాఠశాలలయందు సంగీతోపాధ్యాయులుగను, ఆకాశవాణి కళాకారులుగను, ప్రవచనములలో గాయకులుగను తమ కాళ్ళపై తాము నిలిచిరి. వారిలో గృహస్థులై తమ బిడ్డలకు సొంత ఇంటి నీడ నిచ్చినవారును కలరు.

తెలుగు కంఠము

గవాయిగారి చరిత్రమునకు తెలుగు సీమతో ఒక మధురమైన సంబంధము కలదు. ఆయన జీవితమును 1995లో కన్నడమున చలనచిత్రముగా తీసిరి. ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన హంసలేఖకును, అందు పాడిన శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యమునకును జాతీయ పురస్కారములు లభించెను. 2020లో కీర్తిశేషుడైన ఆ గాయకుని ఇంటిపేరే పండితారాధ్య పరంపరను స్ఫురింపజేయుచున్నది. పాల్కురికి సోమనాథుడు మల్లికార్జున పండితారాధ్యుని చరిత్రమును తెలుగున కావ్యముగా రచించిన సంగతి శివభక్తులందరికిని విదితమే. ఆ పరంపర నామమును ధరించిన తెలుగు కంఠము కన్నడ జంగమ గాయకుని కథలో పలుకుట శివసంకల్పమని భక్తులు తలంచుటలో ఆశ్చర్యము లేదు.

మనకు మిగిలిన కర్తవ్యము

గవాయిగారి జీవితము నేర్పు పాఠమొకటి ప్రధానముగా గ్రహింపవలెను. నిరాశ్రయుని చూచినప్పుడు మనము అతనికి లేనివానిని లెక్కించుచున్నాము. ఇల్లు లేదు, తిండి లేదు, బంధువులు లేరు అని జాలిపడి, ఒక పిడికెడు అన్నమో, నాలుగు కాసులో వేసి ముందుకు సాగుచున్నాము. కుమారస్వాములవారు, ఆయన వెనుక పంచాక్షరి గవాయిగారు అతనిలో ఉన్నదానిని వెదకిరి. ఉన్నది చిన్న కంఠమే కావచ్చును, ఒక చురుకైన చెవియే కావచ్చును. దానిపైననే ఒక జీవితమును నిర్మించిరి. దయ ధర్మమునకు మూలమని మన పెద్దలు బోధించిరి. ఆ దయ పిడికెడు అన్నముతో ఆగక, ఎదుటివాని చేతికి ఒక కాయకమును అందించినప్పుడు పరిపూర్ణమగును.

నేడు క్షామములు తగ్గినవి, మశూచికము లోకమునుండి తొలగినది, ప్రభుత్వములు అంధుల కొరకు పాఠశాలలు తెరచినవి. ఐనను రైలుస్టేషనుల ప్లాట్‌ఫారములపైనను, వంతెనల క్రిందను, గుళ్ళ ముంగిట్లయందును తలదాచుకొను బాలురు ఇంకను కనబడుచునే యున్నారు. మన మఠములకు నేడు పెద్ద పెద్ద కట్టడములు కలవు. కల్యాణమంటపములు కలవు. ఏ కట్టడమును లేని ఒక అంధుడు ఇంతమందికి ఇల్లయ్యెనన్న సత్యమును మఠాధిపతులును, గృహస్థులును ఒక్కమారు మనస్సునకు తెచ్చుకొనవలసి యున్నది. ప్రతి మఠమునందు ఒక చావడి యొక్క ఒక మూలను, ప్రతి గృహస్థుని ఆదాయమునందు ఒక చిన్న పాలును అట్టి బాలుర విద్యకై ఉంచగలిగినచో గవాయిగారి సంచారము ఇంకను ఆగలేదని చెప్పవచ్చును.

కన్నులు లేనివాడు దారి చూపెను. ఇల్లు లేనివాడు ఇల్లయ్యెను. అట్టి శరణుని స్మరించుట పుణ్యము, అనుసరించుట అంతకన్న పుణ్యము.

శరణు శరణార్థి.